గెటిస్‌బర్గ్ మూడో రోజు: నేరుగా కొట్టడమా, చుట్టి వెళ్లడమా?

అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జులై 3న గెటిస్‌బర్గ్ దగ్గర కాన్ఫెడరేట్ (దక్షిణాది) సేనాని లీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, యూనియన్ (ఉత్తరాది) సేన మధ్యభాగం మీద నేరుగా దాడి. రెండోది, తన కింది జనరల్ లాంగ్‌స్ట్రీట్ చెప్పినట్టు యూనియన్ సేన ఎడమ పక్కనుంచి చుట్టి వెళ్లడం. లీ మొదటిదే ఎంచుకున్నాడు.

ఖర్చు: నేరుగా అంటే సుమారు 12,500 మంది ముప్పావు మైలు బయలు దాటాలి, వాళ్లలో సగానికి పైగా చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. చుట్టుదారిలో ప్రాణాలు మిగిలేవేమో, తిండికీ టైముకీ మాత్రం కటకటే.

రిస్క్: నేరుగా అయితే భారమంతా ఫిరంగుల మీదే. వాటి గుళ్లు చాలావరకు గురి దాటి వెనక పడ్డాయి. చుట్టుదారిలో టెన్షన్ వేరు: శత్రువు జాడ లీకి చెప్పాల్సిన స్టువర్ట్ గుర్రపు దళం జులై 2 దాకా రానేలేదు.

శత్రువు వరుస చెదిరి ఉంటే నేరుగా కొట్టడమే మేలు. గెటిస్‌బర్గ్‌లో యూనియన్ సేనలా గట్టు మీద రాతిగోడ చాటున ఉంటే చుట్టుదారే. 1862 డిసెంబర్‌లో ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో అలాంటి గోడ వెనక నిలబడి గెలిచింది లీ సేనే కదా!