ఊరి రీడింగ్ రూమ్‌కు డబ్బు ఎక్కడ అడగాలి: పంచాయతీలోనా, ఎంపీ నిధుల్లోనా?

కొత్త సర్పంచులు వచ్చినప్పటి నుంచి వారానికి ఒకరైనా ఇదే అడుగుతున్నారు. "అన్నా, మేం యువజన సంఘం పెట్టుకున్నాం. చదువుకోవడానికి ఊళ్లో ఒక గది కావాలి. ఎంపీ గారి దగ్గరికి పోవాలా, పంచాయతీలో అడగాలా?" 2023లో మా ఊళ్లో రీడింగ్ రూమ్ తెరిచే ముందు మేమూ ఏడాది పాటు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయాం. ముందు ఎంపీ నిధులకే పోదామనుకున్నాం, చివరికి పంచాయతీ దారి పట్టాం. ఎందుకో చెబుతాను. మీ ఊరి పరిస్థితి వేరైతే మీ జవాబు కూడా వేరు కావచ్చు.

ముందు ఒక మాట. చాలామంది పంచాయతీ తమ సంఘం ఖాతాలో గ్రాంటు జమ చేస్తుందనుకుంటారు. మన దగ్గర ఆ పద్ధతి లేదు. ఇంగ్లండులో స్థిరపడిన మా బంధువు ఒకాయన అక్కడి పారిష్ కౌన్సిలు (మన పంచాయతీ లాంటిది) ఊరి హాలు కమిటీకి నేరుగా చెక్కు ఇస్తుందని చెబితే మాకు ఆశ్చర్యమేసింది. అక్కడి చట్టంలో ఆ వీలు ఉంది. ఇక్కడ మాత్రం పనిని పంచాయతీయే చేయిస్తుంది, ఆస్తి పంచాయతీ పేరు మీదే ఉంటుంది, దాన్ని నడిపే పని మాత్రం సంఘానికి అప్పగిస్తుంది. సంఘం చేతికి డబ్బు రాదని కొందరు నిరాశపడతారు. నాకైతే అందులోనే మేలు కనిపించింది.

ఎంపీ నిధుల సంగతి చూద్దాం. 1993 డిసెంబరులో మొదలైన ఈ పథకం కింద ఒక్కో ఎంపీకి ఏటా 5 కోట్లు వస్తాయి. ఎంపీ సిఫార్సు చేస్తారు, కలెక్టర్ మంజూరు చేస్తారు. డబ్బు ఎంపీ చేతికి రాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక్కో లోక్‌సభ స్థానం కింద 7 అసెంబ్లీ నియోజకవర్గాలు ఉన్నాయి. 5 కోట్లను వాటికి సమానంగా పంచితే ఒక్కోదానికి ఏడాదికి 71 లక్షలు. అందులో ఎన్ని మండలాలు, ఎన్ని ఊళ్లు! ఎస్సీలు ఉండే ప్రాంతాలకు 15 శాతం, ఎస్టీలు ఉండే ప్రాంతాలకు 7.5 శాతం కేటాయించాలన్న నియమం కూడా ఉంది కాబట్టి, మీది ఆ వాడో తండానో అయితే అర్జీలో ఆ మాట తప్పకుండా రాయండి. రాజ్యసభ సభ్యులు తాము ఎన్నికైన రాష్ట్రంలో ఎక్కడి పనినైనా సిఫార్సు చేయవచ్చు. మన లోక్‌సభ ఎంపీ దగ్గర పని కాకపోతే చాలామంది అక్కడితో ఆపేస్తారు, ఈ రెండో తలుపు వాళ్లకు గుర్తుకు రాదు.

ఈ దారిలో ఉన్న బలం ఏమిటంటే, మొత్తం పెద్దది. కొత్త భవనం మొత్తానికీ ఒకేసారి మంజూరు రావచ్చు. సొసైటీ (రిజిస్టరైన సంఘం) స్థలంలో కట్టాలంటే ఆ సొసైటీకి కనీసం మూడేళ్ల వయసు ఉండాలి. నిన్న మొన్న పెట్టిన సంఘాలకు ఇక్కడే చుక్కెదురవుతుంది. గుడి, మసీదు, చర్చి స్థలాల్లో కట్టకూడదు. కట్టినదానికి ఎవరి పేరూ పెట్టకూడదు. స్థలదాత తన తండ్రి పేరు పెట్టాలని అడిగితే ముందే సర్దిచెప్పుకోవాలి. లేదంటే ఊళ్లో గొడవే.

ఇక పంచాయతీ. ఇక్కడ మొత్తం చిన్నది, కాగితాలు ఎక్కువ. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నిటికీ కలిపి 2,36,805 కోట్లు సిఫార్సు చేసింది. అందులో 60 శాతం టైడ్ గ్రాంటు, అంటే చెప్పిన పనులకే వాడాల్సిన డబ్బు. దానిలో సగం పారిశుధ్యానికి, మిగతా సగం తాగునీటికి, వాన నీటి నిల్వకు. మిగిలిన 40 శాతం అన్‌టైడ్. జీతాలకు, ఆఫీసు ఖర్చులకు తప్ప, రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు రాసిన 29 అంశాల్లో ఊరికి ఏది అవసరమైతే దానికి వాడుకోవచ్చని నియమం. ఆ జాబితాలో 20వ అంశం గ్రంథాలయాలు. మేం గ్రామసభలో లేచి ఈ ఒక్క ముక్క చెప్పేసరికి "రీడింగ్ రూమ్ పంచాయతీ పని కాదు" అన్న వాదన ఆగిపోయింది. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం మొదలు కాబట్టి ఇప్పటి వాటాలు, మీ ఊరికి వచ్చే మొత్తం కార్యదర్శి దగ్గర చూసుకోండి. 11వ షెడ్యూలు మాత్రం ఎక్కడికీ పోదు.

మేం చేసిన తెలివైన పని ఏదైనా ఉందంటే, పనిని ముక్కలు చేయడమే. మా ఊరికి కొత్త పంచాయతీ భవనం వచ్చాక పాతది ఖాళీగా పడి ఉంది. దాన్నే అడిగాం. పైకప్పు లీకేజీ, ఫ్లోరింగ్, వైరింగ్ అన్‌టైడ్‌లో పెట్టించాం. మరుగుదొడ్డి టైడ్‌లోని పారిశుధ్యం వాటాలో, నల్లా కనెక్షన్, ఇంకుడు గుంత నీటి వాటాలో వేయించాం. బల్లలు, కుర్చీలు, పోటీ పరీక్షల పుస్తకాలు చందాలతో కొన్నాం. మొత్తం కలిపి ఒకే పద్దు కింద అడిగి ఉంటే కార్యదర్శి మొదటి రోజే కుదరదనేవారు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద మొత్తం కాదు, ప్రతిదానికీ నిబంధనల్లో చోటుంది.

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఏటా అక్టోబరు 2 నుంచి మరుసటి ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారీ మొదలవుతుంది. మీ పని ఆ ప్రణాళికలో ఎక్కకపోతే డబ్బున్నా ఇవ్వలేరు. సభలో అందరూ చప్పట్లు కొట్టారని సంబరపడి ఇంటికి వచ్చేయకండి. తీర్మానాల పుస్తకంలో రాయించి, నంబరు తీసుకున్నాకే కదలండి. తర్వాత ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మీ ఊరి ప్రణాళిక తెరిచి పని పేరు ఉందో లేదో మీరే చూడవచ్చు. మా పని మొదటి ఏడాది అందులో ఎక్కలేదు. మౌఖికంగా ఒప్పుకున్నారు కదా అని ఊరుకున్నాం, అలా ఒక ఏడాది పోయింది. రెండోసారి సభకు ఇరవై మందిమి వెళ్లాం, అందులో సగం మంది ఆడపిల్లలు. వాళ్లు లేచి "బస్సెక్కి పట్నం పోయి చదువుకోనివ్వరు, ఇంట్లో జాగా లేదు" అని చెప్పాక వార్డు సభ్యుల్లో ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు నా దృష్టిలో అసలు తేల్చేది. నాలుగో ఏడు కరెంటు బిల్లు ఎవరు కడతారు?

మేం ఎంపీ నిధుల కోసం అర్జీ రాసుకున్నాక, సలహా కోసం పక్క మండలంలోని ఒక ఊరికి వెళ్లాం. అక్కడ పెద్ద నిధులతో కట్టిన చక్కటి హాలు ఉంది. గోడలు గట్టిగా ఉన్నాయి, లోపల ధాన్యం బస్తాలు ఉన్నాయి. మీటరు పీకేసి అప్పటికే రెండేళ్లయింది. తాళం తీసిన పెద్దాయన మాట నాకింకా గుర్తుంది: "కట్టుడైతే కట్టిన్రు బిడ్డా, బిల్లు ఎవలు కట్టాలె?" ఆ సంఘం కుర్రాళ్లలో ఇద్దరికి ఉద్యోగాలొచ్చాయి, ఒకతను గల్ఫ్ వెళ్లాడు. మిగిలినవాళ్లు కొన్నాళ్లు జేబులోంచి కట్టి ఆపేశారు. వాళ్లను తప్పుపట్టలేం. మా సంఘంలోనూ అదే జరుగుతుంది. పరీక్షలు రాసే పిల్లలు ఊళ్లో ఎన్నేళ్లుంటారు? ఉండకూడదనే కదా మనం చదివించేది!

ఎంపీ నిధుల్లో రోజువారీ ఖర్చులకు చోటు లేదు. మంజూరుకు ముందే వాడుకునే సంస్థ నిర్వహణ బాధ్యత తనదని హామీ ఇవ్వాలి. అర్జీ పెట్టేటప్పుడు మనం ఆ కాగితం మీద సంతోషంగా సంతకం చేస్తాం. దాని బరువు తెలిసేది తర్వాతే.

పంచాయతీకైతే సొంత రాబడి ఉంటుంది. ఇంటి పన్ను, నల్లా బిల్లు, లైసెన్సు ఫీజులు, సంత వేలం. అదంతా జనరల్ ఫండ్‌లోకి వెళ్తుంది. 11వ షెడ్యూలులో చిట్టచివరి అంశం, 29వది, సామాజిక ఆస్తుల నిర్వహణ. అంటే గది పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో ఉంటే, దాని మీటరు పంచాయతీ పేరు మీద ఉంటే, వీధి దీపాల బిల్లుతో పాటే ఈ బిల్లూ వస్తుంది. ఊడ్చే మనిషి ఎలాగూ ఉన్నారు. మా గదికి కరెంటు, రెండు పేపర్లు, చిన్నాచితకా రిపేర్లు కలిపి నెలకు మూడు వేలు దాటదు. పంచాయతీ బడ్జెట్‌లో అది కనిపించనంత చిన్న మొత్తం. అదే మొత్తం ఐదుగురు కుర్రాళ్లకు ప్రతి నెలా టెన్షన్.

ఇంకొకటి. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. కాబట్టి పుస్తకాల కోసం ఆ సంస్థకు పంచాయతీ తీర్మానం కాపీతో అర్జీ పెట్టండి. సంఘం లెటర్‌హెడ్ మీద రాస్తే దక్కని శ్రద్ధ తీర్మానం నంబరు వేస్తే దక్కుతుంది. ఇది మా అనుభవం.

పంచాయతీ దారి నున్నగా ఉంటుందని నేను చెప్పను. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి ఒకటో తారీఖు నాటికి ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం డబ్బు రాదు. ఆ దాదాపు రెండేళ్లలో మా ఊళ్లో కొత్త పని ఒక్కటీ కాలేదు. రీడింగ్ రూమ్ కరెంటు బిల్లు ఒకసారి మూడు నెలలు ఆగితే మేమే కట్టి, రసీదులు జాగ్రత్త చేసి, తర్వాత అడిగి తీసుకున్నాం. అయినా గది ఒక్క రోజు కూడా మూతపడలేదు. ఇంటి పన్ను వసూలు ఆగలేదు కాబట్టే అది సాధ్యమైంది. చేసిన పనికి బిల్లులు నెలల తరబడి పెండింగులో ఉండటం ఇంకో బాధ. సర్పంచ్ అప్పు తెచ్చి పని చేయిస్తానంటే ఒప్పుకోకండి. మన గది కోసం ఒక ఇల్లు వడ్డీల్లో పడటం ఏ విధంగానూ న్యాయం కాదు. అంచనా వేశాక, ఖాతాలో డబ్బుందని తేలాకే మొదలుపెట్టమనండి.

ఆంధ్రలో అడుగుతున్నవాళ్లకు కూడా నా జవాబు ఇదే. 2024 ఆగస్టు 23న అక్కడి 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. అదే నెలలో జెండా పండుగల ఖర్చుకు చిన్న పంచాయతీలకు ఇచ్చే మొత్తాన్ని 100 రూపాయల నుంచి 10 వేలకు, పెద్ద వాటికి 250 నుంచి 25 వేలకు పెంచారు. అన్నేళ్లు వంద రూపాయలతో ఊరి పండుగ చేయమన్నారంటే పంచాయతీల చేయి ఎంత కట్టేశారో అర్థమవుతుంది. అడిగేవాళ్లు పెరిగితేనే ఆ చేయి తెరుచుకుంటుంది.

మిగతా దారుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఎమ్మెల్యే నియోజకవర్గ నిధులు స్వభావంలో ఎంపీ నిధుల లాంటివే, నిర్వహణ చిక్కు అక్కడా అంతే. మహిళా సంఘాలకు స్త్రీనిధి ఇచ్చేది అప్పు, రాబడి లేని గదికి దాని జోలికి పోవద్దు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్సార్ డబ్బుకు సొసైటీ రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను శాఖ గుర్తింపులు (12ఏ, 80జీ అంటారు), సీఎస్సార్-1 ఫారం, మూడేళ్ల పని చరిత్ర కావాలి. కొత్త సంఘానికి అందే పండు కాదు. అమెరికాలో ఉన్న ఊరివాళ్లు పంపుతామంటే ఒక్కటి చూసుకోండి. వాళ్లది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) అనుమతి లేకుండా మీ సొసైటీ ఆ డబ్బు ముట్టుకోకూడదు. ఈ తేడా తెలియక మంచి మనుషులు కేసుల్లో ఇరుక్కోకూడదని చెబుతున్నాను.

ఎంపీ నిధులే మేలనిపించే సందర్భం ఒకటుంది. తెలంగాణలో 2018లో ఎన్నో తండాలు, గూడేలు కొత్తగా పంచాయతీలయ్యాయి. జనాభా ఐదారు వందలు, ఇంటి పన్ను రాబడి నామమాత్రం, ఖాళీగా ఉన్న పాత భవనం అసలే లేదు. అక్కడ పంచాయతీ నిధులతో గోడ లేవదు. అలాంటి చోట భవనానికి ఎంపీ నిధులే అడగండి, 7.5 శాతం మాట గుర్తుచేయండి. కానీ స్థలం సొసైటీ పేరు మీద పెట్టకుండా పంచాయతీ పేరు మీదే పెట్టించండి. అర్జీతో పాటు "కరెంటు, ఊడ్చే పని, మరమ్మతులు పంచాయతీ భరిస్తుంది" అన్న గ్రామసభ తీర్మానం కాపీ జతచేయండి. అర్జీ పెట్టే ముందే ఆ తీర్మానం చేయించండి. భవనం ప్రారంభోత్సవం అయ్యాక సభలో దాన్ని అడిగితే, కట్టించినవాళ్లనే అడుక్కోమంటారు.