చెక్కపనికి మడత కత్తి: ఆరేళ్ళ వాడకం తర్వాత

నా కత్తి గురించి ముందు చెప్తాను. 8 సెం.మీ. పొడవు, 20 మి.మీ. వెడల్పు, వెన్ను దగ్గర 1.7 మి.మీ. మందం ఉన్న కార్బన్ స్టీల్ బ్లేడు. చెక్క పిడి. తెరిచాక బ్లేడు వేళ్ళ మీదికి మూసుకుపోకుండా పిడి మెడ దగ్గర తిప్పే లోహపు రింగు. ఆరేళ్ళుగా చెంచాలు, చీలలు, చిన్న బొమ్మలు అన్నీ దీంతోనే చెక్కుతున్నాను. ఇప్పుడు ఇది నాకు చాలా ఇష్టమైన పనిముట్టు. మొదటి ఏడాది మాత్రం దీన్ని పక్కన పడేద్దామనే అనుకున్నాను.

కొత్తలో ఈ కత్తి గాల్లో పట్టుకున్న కాగితాన్ని కోసేది, చేతి మీద వెంట్రుకలు గొరిగేది. చెక్కలోకి దింపితే మాత్రం కదిలేది కాదు. గట్టిగా నొక్కితే నార వెంట చీలుకుంటూ పోయేది. పదును చాలలేదనుకుని వారానికోసారి సానరాయి మీద పెట్టాను. ఫలితం లేదు. అంచు బాగానే ఉంది, అంచు వెనకాల ఉక్కు మందంగా ఉంది. ఆ సంగతి తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

కాగితం కోసేటప్పుడు పనిచేసేది అంచు కొస ఒక్కటే. చెక్కలో అలా కాదు. బ్లేడు లోపలికి దిగేకొద్దీ వెనకున్న ఉక్కంతా ఆ సందులోంచి దూరి పోవాలి. కొత్త మడత కత్తికి సాధారణంగా ఒక్కో వైపు 20 డిగ్రీల దరిదాపుల్లో వాలు (అంచు దాకా ఏటవాలుగా అరగదీసిన భాగం) ఉంటుంది. తాడుకీ అట్టపెట్టెకీ అది సరిపోతుంది కానీ చెక్కకు మొరటు. నేను దాన్ని 12 డిగ్రీలకు దించాను. లెక్క సులువే: 20 మి.మీ. వెడల్పున్న బ్లేడును 20 డిగ్రీల్లో పట్టుకుంటే వెన్ను మధ్య గీత రాయికి దాదాపు 7 మి.మీ. ఎత్తులో ఉంటుంది, 12 డిగ్రీల్లో 4 మి.మీ. పైచిలుకు. ఆ ఎత్తు చేతికి అలవాటయ్యేదాకా వెన్ను కింద సన్నటి చెక్కబద్ద పెట్టుకుని చూసుకునేవాణ్ణి.

వాలు మార్చడానికి 400 నంబరు రాయి వాడాను (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది). రెండు సాయంత్రాలు పట్టింది. వాలు మీద నల్ల మార్కర్ పూసి, బ్లేడును రాయి మీద రెండుసార్లు నడిపి చూడండి. రంగు పైభాగంలోనే పోయి అంచు దగ్గర మిగిలితే ఇంకా అరగదీయాలి. అంచు దగ్గర మాత్రమే పోతే వెన్ను ఎక్కువ ఎత్తారన్నమాట. ఒక వైపు అంచుదాకా అరిగాక, రెండో వైపున ఉక్కు సన్నటి రేకులా మడత పడుతుంది. బర్ అనేది దాన్నే. వేలిని వెన్ను నుంచి అంచు వైపు మెల్లగా జరిపితే గోటికి తగులుతుంది. అంచు పొడవునా బర్ రాకుండా రెండో వైపుకు తిప్పకండి. తొందరపడి తిప్పేసిన ప్రతిసారీ మడమ దగ్గర, అంటే పిడి వైపు అంచు చివర, కొంత భాగం మొద్దుగానే మిగిలింది నాకు.

ఆ తర్వాత 1000 నంబరు రాయి, చివర్లో 6000. ముక్కు, అంటే మొన దగ్గర బ్లేడు వంపు తిరుగుతుంది కదా, అక్కడ పిడిని కాస్త ఎత్తాలి. అది చెయ్యక ముక్కు గుండ్రంగా అయిపోయి, బొమ్మల కళ్ళు చెక్కడానికి కొన్ని నెలలు పనికిరాకుండా పోయింది.

12 దగ్గర ఆగకుండా అత్యాశతో ఒకసారి 8 డిగ్రీలకు దించాను. మెత్తటి చెక్కలో అద్భుతంగా నడిచింది. మర్నాడే ఎండిన కొమ్మ ముడికి తగిలి అంచు మూడుచోట్ల పెళ్ళలుగా లేచిపోయింది. ఆ రోజు నిజంగా బాధపడ్డాను. మళ్ళీ 12కు తెచ్చి, 6000 రాయి మీద చివర్లో వెన్ను కాస్త ఎత్తి, ఒక్కో వైపు రెండే రెండుసార్లు తేలిగ్గా నడిపాను. అంచు కొసలో కంటికి కనిపించీ కనిపించనంత చిన్న వాలు ఏర్పడింది. అప్పటి నుంచి గట్టి చెక్కలో కూడా పెళ్ళ లేవలేదు.

పని తొందరగా అవుతుందని మోటారు సానచక్రం దగ్గరికి మాత్రం వెళ్ళకండి. అంచు సన్నగా ఉంటుంది కాబట్టి క్షణాల్లో వేడెక్కిపోతుంది. ఉక్కు మీద నీలి రంగు కనిపించిందంటే అక్కడ దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాటిందని అర్థం. అలాంటి చోట ఉక్కు మెత్తబడిపోతుంది, ఎంత సాన పట్టినా పదును నిలవదు.

రోజువారీ పదునుకు ఇప్పుడు నేను రాయి ముట్టుకోను. చెక్కబద్దకు అంటించిన తోలు ముక్క, దాని మీద మెరుగు పెట్టే ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ ముద్ద, అంతే. అరగంట చెక్కాక ఒక్కో వైపు పదిసార్లు లాగుతాను. వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. గట్టిగా నొక్కితే తోలు కుంగి, పైకి లేచి, అంచును గుండ్రం చేస్తుంది. ఇలా చేస్తే 1000 రాయి అవసరం రెండు మూడు నెలలకు ఒకసారే వస్తోంది.

పదును చూడటానికి కాగితం, వెంట్రుకలు మానేశాను. మెత్తటి చెక్క చివర నారకు అడ్డంగా ఒక పలచటి పొర తీస్తాను. కోసిన చోటు నునుపుగా మెరిస్తే పదునుంది. తెల్లగా, నలిగినట్టు కనిపిస్తే లేదు. మెరుపు మధ్యలో సన్నటి గీత పడితే అంచుకు అక్కడ చిన్న గాటు ఉన్నట్టు.

ఇక తుప్పు. కార్బన్ స్టీల్ మీద ఇష్టం ఉన్నవాళ్ళు దీనికి సిద్ధపడాలి. పచ్చి చెక్కలో తడి, టానిన్ (చెక్కలో సహజంగా ఉండే వగరు పదార్థం) రెండూ ఉంటాయి. ఇనుముతో కలిస్తే టానిన్ నల్లబడుతుంది, ఆ మరక బ్లేడు మీదే కాదు, చెక్కుతున్న చెంచా మీదా పడుతుంది. పని మధ్యలోనే గుడ్డతో తుడవడం అలవాటు చేసుకున్నాను. కొన్ని నెలలకు బ్లేడు బూడిద రంగులోకి తిరిగింది. ఆ పొర ఉన్నచోట ఎర్ర తుప్పు తక్కువగా పడుతోంది, అందుకని దాన్ని రుద్ది తీసెయ్యను. కీలులో మినరల్ ఆయిల్ ఒక చుక్క. వంటనూనె వేస్తే కొన్నాళ్ళకు జిగురుగా మారి దుమ్ము పట్టేస్తుంది. పిడికి మాత్రం అవిసె నూనె మంచిది, ఎండి గట్టిపడుతుంది. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడెయ్యకండి, దానంతట అదే వేడెక్కి మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరబెట్టాలి.

పిడి తడిస్తే ఉబ్బి బ్లేడును బిగించేస్తుంది. నూనె పట్టించాక అది తగ్గింది, పూర్తిగా పోలేదు. లాక్ రింగును నేను నమ్ముతాను గానీ, ముక్కుతో పొడిచి తిప్పే పని మాత్రం ఈ కత్తితో చెయ్యను. దానికి స్థిరమైన పిడి ఉన్న చెక్కుడు కత్తే సరైనది. లాక్ లేని మడత కత్తిని చెక్కపనికి ఎవరికీ చెప్పను.

మొన్న కాలిపర్‌తో కొలిచాను. 20 మి.మీ. బ్లేడు ఇప్పుడు 18.5 ఉంది. అందులో ఒక మిల్లీమీటరు మొదటి ఏడాది వారం వారం రాయి మీద పోయిందే. మిగిలిన ఐదేళ్ళకు అరిగింది అర మిల్లీమీటరు.