ఇల్లంతా అలెక్సా స్పీకర్లు: రెండేళ్ళు దాటాక రివ్యూ

ఇల్లంతా ఎకో డాట్లు, అంటే మాటతో అడిగితే పాటలు పెట్టే అమెజాన్ వాళ్ళ చిన్న అలెక్సా స్పీకర్లు, పెట్టుకుందామనుకునేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట, స్పీకర్ల సంగతి తర్వాత, ముందు మీ వైఫై సంగతి చూస్కోండి. మేము పెట్టించి రెండేళ్ళు దాటింది, కింద హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, అమ్మావాళ్ళ గదిలో ఒకటి, పైన మా గదిలో ఒకటి. మధ్యలో పాట ఆగిపోయినా, కింద వచ్చి పైన రాకపోయినా, వెతుక్కుంటూ వెళ్తే ఎక్కువసార్లు వైఫై దగ్గరే తేలింది.

మాది కాకినాడలో సొంతిల్లు, కింద అమ్మానాన్న, పైన మేము. బయటి గోడలు తొమ్మిదంగుళాలవి, మధ్యలో స్లాబ్, రౌటర్ ఏమో హాల్లో టీవీ పక్కన. రౌటర్ ఇచ్చే రెండు రకాల వైఫైలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ స్పీడుగానే ఉంటుంది కానీ రెండు గోడలు దాటేసరికి పల్చబడిపోతుంది, 2.4 ఇంకాస్త దూరం వెళ్తుంది కానీ చుట్టుపక్కల ఇళ్ళ రౌటర్లన్నీ దాని మీదే ఉంటాయి కాబట్టి రద్దీ. అందుకని ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గోడలో ఉన్న పాత కేబుల్ టీవీ పైపులోంచే క్యాట్ 6 అనే నెట్ వైరు పైకి లాగించి అక్కడ ఇంకో రౌటర్ పెట్టించాం. ఈ పనికైన ఖర్చు ఒక డాట్ ఖర్చు కంటే తక్కువే, ఫలితం మాత్రం నాలుగు డాట్లకీ కనిపించింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి, చాలామందికి ఎవరూ చెప్పరు. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే మొదటి రౌటర్ నెట్‌వర్క్‌నే పైకి అందించేలా, పెట్టాలి. మామూలు రౌటర్ మోడ్‌లోనే వదిలేస్తే అది తనకంటూ వేరే నెట్‌వర్క్ పెట్టుకుంటుంది, ఉదాహరణకి కిందవాటికి 192.168.0 తో మొదలయ్యే అడ్రస్‌లు, పైనవాటికి 192.168.1 తో మొదలయ్యేవి వస్తాయి. అప్పుడు ఏ స్పీకర్‌ని విడిగా అడిగినా చక్కగా పలుకుతుంది, అన్నీ కలిపి పాడమంటే మాత్రం కలవవు, ఎందుకంటే గ్రూపులో ఉన్నవన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. గెస్ట్ వైఫైలో (ఇంటికొచ్చినవాళ్ళ కోసం రౌటర్‌లో విడిగా ఇచ్చేది) పెట్టినా ఇదే గొడవ, దాంట్లో ఒక డివైస్‌కి ఇంకో డివైస్ కనపడకుండా చేస్తారు. ఫిట్టింగ్‌కి వచ్చినబ్బాయి "సిగ్నల్ ఫుల్ ఉంది సార్" అని చూపించి వెళ్ళిపోతాడు, కానీ సిగ్నల్ ఫుల్ ఉండటం వేరు, అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండటం వేరు, అతను ఉండగానే పైనా కిందా ఒకేసారి పాట పెట్టించి చూస్కోండి.

కరెంటు గురించి కూడా. డాట్‌కి బ్యాటరీ ఉండదు, ప్లగ్గు పీకితే అయిపోయినట్టే. పైగా మనం మాట్లాడింది నెట్ ద్వారా అమెజాన్ వాళ్ళ సర్వర్‌కి వెళ్ళి వస్తేనే జవాబు, కాబట్టి స్పీకర్‌కి కరెంటు ఉండి రౌటర్‌కి లేకపోతే ఏం లాభం లేదు. మేము రెండు రౌటర్లకీ చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు పెట్టి, హాల్లోదీ అమ్మావాళ్ళ గదిలోదీ ఇన్వర్టర్ లైన్ ఉన్న ప్లగ్గులకి మార్చాం. వర్షాకాలంలో మాకిది చాలా ఉపయోగపడింది.

ఇప్పుడు అసలు విషయం, తెలుగు. అలెక్సాకి మన దేశంలో ఇంగ్లీషు, హిందీ వచ్చు, హిందీ 2019లో పెట్టారు, తెలుగు ఇంకా పెట్టలేదు. ఇంత మంది మాట్లాడే భాష, పెట్టాలి, ఈ మాట గట్టిగానే అడుగుతున్నాను. అమ్మకి ఇంగ్లీషులో వాక్యాలు చెప్పడం రాదు, తెలుగు పాట పేరు చెప్పి అడగడం నమ్మకంగా కుదిరే పని కాదు. దీనికి మాకు బాగా పనిచేసిన దారి రొటీన్లు, అంటే ఒక్క మాట అంటే చాలు, ముందే రాసిపెట్టిన పనులన్నీ వరసగా జరిగిపోయే ఏర్పాటు. స్పాటిఫైలో అమ్మకి కావాల్సిన పాటలన్నీ ఒక ప్లేలిస్టు చేసి దానికి చిన్న ఇంగ్లీషు పేరు పెట్టాను, అలెక్సా యాప్‌లో రొటీన్ చేసి "పూజా టైమ్" అంటే వాల్యూమ్ 3 చేసి ఆ ప్లేలిస్టు అమ్మ గదిలో పెట్టమని రాశాను. వాల్యూమ్ స్టెప్పు ముందు, పాట స్టెప్పు చివర పెట్టాలి. నాన్నకి పాత పాటలకి ఇంకోటి చేశాను. పొద్దున్న అయిదున్నరకైతే ఎవరూ ఏమీ అనక్కర్లేకుండా టైముకే మొదలయ్యేలా పెట్టాను. అమ్మకి ఇప్పుడు ఒక్క మాటతో పని అయిపోతోంది, ఎవర్నీ పిలవక్కర్లేదు, ఈ మొత్తం సెటప్‌లో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఇదే.

తెలుగు అసలు అడ్డురాని పని ఇంకోటుంది, అనౌన్స్‌మెంట్. వంటింట్లోంచి "అలెక్సా, అనౌన్స్" అని మన మాట చెప్తే, ఆ గొంతే రికార్డయి మిగతా గదుల్లో వినిపిస్తుంది, అది ఏ భాషైనా సరే. "టిఫిన్ అయింది, దిగండ్రా" అని అమ్మ అంటే పైన అమ్మ గొంతే వస్తుంది. మోకాళ్ళ నొప్పితో ఆవిడ మెట్లెక్కడం దాదాపు మానేసింది. డ్రాప్ ఇన్ అనేది మాత్రం వేరు, అది అవతలివాళ్ళు ఎత్తకుండానే కలిసిపోతుంది, అమ్మావాళ్ళ గదిలో, మా గదిలో యాప్‌లోకెళ్ళి ఆఫ్ చేసేశాం, మీరూ చూస్కోండి. పడుకునే ముందు మైక్ బటన్ నొక్కితే ఎర్ర లైటు వస్తుంది, అదొచ్చాక పిలిచినా పలకదు. మన మాటల రికార్డింగులు 3 నెలలు దాటాక వాటంతటవే చెరిగిపోయేలా కూడా పెట్టుకోవచ్చు.

వంటింటి స్పీకర్ పొయ్యికి, చిమ్నీకి దూరంగా, గోడకి ఓ జానెడు ఎడంగా పెట్టండి, పోపు జిడ్డు స్పీకర్ చుట్టూ ఉండే గుడ్డ మీద పడితే పోదు. మిక్సీ తిరుగుతున్నప్పుడు పిలవడం దండగ.

ఒకే స్పాటిఫై అకౌంట్‌తో కింద ఒక పాట, పైన ఇంకో పాట ఒకేసారి రావు, పైన మొదలుపెడితే కింద ఆగుతుంది. ఇంట్లో రెండు తరాలుంటే ఒక్కొక్కరికీ విడి అకౌంట్ ఉండే ప్లాన్ తీసుకోవడం నయం. అలాగే ఫోన్‌లోంచి బ్లూటూత్‌తో పంపే పాట ఒక్క స్పీకర్‌కే వస్తుంది, ఇల్లంతా రాదు.

సౌండ్ విషయానికొస్తే వంటింటికి, పడగ్గదికి డాట్ చాలు, పెద్ద హాలుకి చాలదు. మా హాల్లో నాన్న పాత యాంప్లిఫయరు, రెండు పెద్ద బాక్సులు ఉండేవి, చాలా కాలంగా మూలన పడున్నాయి. అక్కడ మూడో జనరేషన్ డాట్ పెట్టి 3.5 ఎంఎం వైరుతో (ఇయర్‌ఫోన్ పిన్ లాంటిదే) యాంప్లిఫయరుకి కలిపాం, అంతే, ఆ బాక్సులు కూడా ఇల్లంతా పాడే గ్రూపులో చేరిపోయాయి, వంటింట్లోంచి హాల్లోకి నడిచొస్తే పాట ఎక్కడా తేడా లేకుండా కలిసే ఉంటుంది. యాంప్లిఫయరుని బ్లూటూత్‌తో కలిపితే మాత్రం గ్రూపు పాట దానికి వెళ్ళదు, వైరే ఉండాలి. 2022లో వచ్చిన అయిదో జనరేషన్ డాట్‌లో ఆ 3.5 ఎంఎం రంధ్రం తీసేశారు. కాబట్టి ఇంట్లో మంచి పాత సిస్టమ్ ఉన్నవాళ్ళు మూడో జనరేషన్‌దో నాలుగో జనరేషన్‌దో ఎవరైనా సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముతుంటే ముందు దాన్ని పట్టుకోండి, ఒరిజినల్ అడాప్టర్‌తో సహా అడగండి.