కొమ్ము మగ్గు: మెరుపు సరే, అడుగు సంగతేమిటి?

మన దేశంలో ఆన్‌లైన్‌లో ‘వైకింగ్ మగ్గు’ పేరుతో అమ్ముడయ్యే పశువుల కొమ్ము మగ్గుల్లో చాలావాటికి పుట్టిల్లు ఉత్తరప్రదేశ్‌లోని సంభల్, అక్కడి సరాయ్ తరీన్. ఎముక, కొమ్ము పనికి పేరున్న చోటు. సాధారణంగా దొరికే రకం ఇలా ఉంటుంది: అర లీటరు లోపు పట్టే మగ్గు, అడుగున చెక్క బిళ్ల, కొమ్ము పట్టీనే వేడిచేసి వంచిన పిడి, దాన్ని పట్టి ఉంచే ఇత్తడి రివెట్లు, లోపల అద్దంలాంటి పూత. తేనె రంగు, పాల తెలుపు, నల్ల చారలు కలిసి ఏ రెండు మగ్గులూ ఒకేలా కనబడవు. పాలిష్‌కి పదికి తొమ్మిది ఇవ్వొచ్చు. రోజూ తాగే పాత్రగా మాత్రం ఆరు దాటదు.

లోపం ఎక్కడుందో తెలియాలంటే కొమ్ము స్వభావం తెలియాలి. కొమ్ము పూర్తిగా ఎముక కాదు. మధ్యలో ఎముక బొడిపె, దానిమీద కెరటిన్ తొడుగు. మన గోళ్లూ జుట్టూ అదే పదార్థం. కొన్ని వారాలు నీళ్లలో నానితే లోపలి ఎముక ఊడొస్తుంది, మిగిలిన తొడుగే సరుకు. తల దగ్గర తొడుగు పల్చగా ఉంటుంది, కొసకి పోయేకొద్దీ మందమై చివర గట్టి ముద్దవుతుంది. మగ్గు నోరు వచ్చేది ఆ పల్చని వైపే. అంచు 2 నుంచి 3 మిల్లీమీటర్లుంటే బాగు. నునుపు కోసం మరీ గీకేసి ఒకటిన్నరకి దించితే పళ్లు తగిలినా పెచ్చు లేస్తుంది.

పైగా కొమ్ము గుండ్రంగా పెరగదు, కోలగా పెరుగుతుంది. గేదె కొమ్మైతే దాదాపు మూడు పలకలు. అందుకే అది దువ్వెనలకీ, బొత్తాలకీ, కత్తి పిడులకీ పోతుంది. (శ్రీకాకుళం సరిహద్దు దాటగానే వచ్చే పర్లాకిమిడి పనివాళ్ల దువ్వెనలూ పక్షి బొమ్మలూ చూసినవాళ్లకి ఆ నలుపు తెలుసు.) మగ్గుకి వాడే ఆవుజాతి కొమ్మును మరిగే నీళ్లలోనో వేడి నూనెలోనో మెత్తబరిచి, చెక్క అచ్చుకి ఎక్కించి, పూర్తిగా చల్లారేదాకా కదపకుండా ఉంచితేనే గుండ్రం నిలుస్తుంది. అలా నిలిచినా, మళ్లీ గట్టి వేడి తగిలితే కొమ్ము తన పాత కోల ఆకారం వైపు లాగుతుంది. గోడ కదిలితే అడుగు బిళ్ల చుట్టూ సందు పడుతుంది. ‘వేడివేడి కాఫీకి కూడా’ అని రాసే అమ్మకందారును నమ్మకండి. డిష్‌వాషర్, మైక్రోవేవ్ మాట ఎత్తనే వద్దు.

అసలు తగువంతా అడుగు దగ్గరే. చెక్క తడికి ఒక లెక్కన ఉబ్బుతుంది, కొమ్ము ఇంకో లెక్కన ఉబ్బుతుంది. మధ్యలో ఎపాక్సీ జిగురు గీత నలిగి చిట్లుతుంది. ఇంగ్లండ్ పాత పద్ధతి దీనికి మంచి జవాబు. లండన్‌లో కొమ్ము పనివాళ్ల సంఘానికి 1638లోనే రాజు ఇచ్చిన గుర్తింపు పత్రం (చార్టర్) దక్కింది, అంత పాత వృత్తి అది. అక్కడి కొమ్ము గ్లాసులో, గోడ లోపల కింది అంచుకి కాస్త పైన సన్నటి గాడి తీస్తారు. కొమ్ముతోనే చేసిన బిళ్లకి అంచు ఏటవాలుగా చెక్కుతారు. గోడను వేడిచేసి బిళ్లను నొక్కితే టప్పున గాడిలో కూర్చుంటుంది. చల్లారేకొద్దీ గోడ దాన్ని బిగించేస్తుంది. బిళ్లా గోడా ఒకే పదార్థం కాబట్టి తడికి కలిసే కదులుతాయి. మీరు కొనే మగ్గు ఫొటోల్లో అడుగు కనబడకపోతే, అడిగి ఫొటో తెప్పించుకోండి.

రెండో బలహీనత పిడి. రివెట్ గోడ దాటి లోపలికొస్తే ఒక్కో రివెట్టూ ఒక చిల్లే. పూత దాన్ని కప్పినంతకాలం సరే. పిడి పట్టి ఎత్తినప్పుడల్లా బరువంతా అక్కడే పడుతుంది, ముందు పగిలేదీ ఆ చోటి పూతే.

చేతికి రాగానే పరీక్షలు చేయండి, వాపసు గడువు ఉండగానే. అంచుదాకా చన్నీళ్లు పోసి, న్యూస్‌పేపర్ మీద రాత్రంతా ఉంచండి. చుట్టూ తడి వలయం పడితే అడుగు అతుకు కారుతున్నట్టు, పిడి కింద ఒక్కచోటే మరక పడితే రివెట్ కారుతున్నట్టు. తర్వాత గోరువెచ్చని నీళ్లు పోసి మూతపెట్టి పది నిమిషాలాగి వాసన చూడండి. తడిసిన జుట్టు వాసన కొద్దిగా వస్తే అది సహజం, నాలుగైదు కడుగులకి తగ్గుతుంది. థిన్నర్ వాసనొస్తే పూత ఆరలేదన్నమాట, తిప్పి పంపేయండి. లోపల ఫోన్ టార్చ్ వేసి చూస్తే లేత రంగు భాగాల్లో వెలుగు బయటికి తెలుస్తుంది. పొరలు విడిన చోట తెల్లటి మసక కనబడుతుంది. అసలు కొమ్మేనా అని అనుమానముంటే కాల్చిన సూదిని అడుగువైపు కొమ్ము అంచుకి తాకించండి. జుట్టు కాలిన కమురు వస్తే కొమ్ము, ఘాటైన ప్లాస్టిక్ కంపు వస్తే రెజిన్.

కొద్దిగా కారే మగ్గుని ఇంట్లోనే బాగుచేయొచ్చు. బాగా ఆరనిచ్చి, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టి, కరిగించిన తేనెమైనం రెండు చెంచాలు పోసి అతుకంతా తాకేలా తిప్పి, మిగిలింది వంచేయండి. తేనెమైనం 62–64 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఆ మగ్గులో ఇక చల్లటివే తాగాలి. మజ్జిగ, పాలు పోయకపోవడం మేలు: గీతల్లో చేరిన పాల జిడ్డు ఒకపట్టాన వదలదు. చన్నీళ్లు, తేలికపాటి సబ్బుతో కడిగి నీడలో బోర్లించండి. అటక మీద మూటగట్టి పడేస్తే పురుగు తొలుస్తుంది, ఉన్నిని తినే పురుగులకి ఇదీ తిండే.

కొనాలనే ఉంటే మా ఓటు పిడి లేని చిన్న గ్లాసుకే, అదీ కొమ్ము బిళ్ల అడుగుతో. పిడి మగ్గు అల్మరాలో అందంగా ఉంటుంది. ‘జింక కొమ్ము పిడి’ అని ఉన్నది మాత్రం ముట్టుకోవద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకి కానుకగా తీసుకెళ్తే విమానాశ్రయంలో జంతు ఉత్పత్తిగా డిక్లేర్ చేయాలి.