ఏటిగట్టు పక్కన డ్రూయిడ్ మఠం: నెల బసకు వెళ్ళేముందు

కోనసీమలో గోదావరి గౌతమి పాయ ఏటిగట్టుకు ఆనుకుని ఉంటుంది ఈ చోటు. గట్టు బయట రెండెకరాల కొబ్బరి తోట, లోపల, ఏటి వైపు, ఎకరం లంక భూమి. తోటలో ఆరు తాటాకు పాకలు, ఒక వంటశాల. లంక వైపు రావి, వేప, నాలుగు మామిళ్ళు కలిసిన చిన్న వనం. నడిపేవాళ్ళు దీన్ని డ్రూయిడ్ మఠం అంటారు. బస అమావాస్య నుంచి అమావాస్యకు, అంటే 29 లేదా 30 రోజులు. భోజనంతో కలిపి 15,000 రూపాయలు, మరో 3,000 డిపాజిట్టు. వారాంతం బస అడిగితే ఇవ్వరు.

నియమాలు నాలుగు పేజీల తెలుగు కరపత్రంలో ఉన్నాయి, వెళ్ళేముందే పంపుతారు. కాలవనీ ఎండనీ చూసి రాసిన నియమాలు చక్కగా నడుస్తున్నాయి. ఇంగ్లండు కేలండరు నుంచి అలాగే దించిన నియమాలతోనే బస చేసేవాళ్ళకీ చెట్లకీ ఇబ్బంది.

డ్రూయిడ్లంటే ఎవరో తెలియనివాళ్ళకు కొంచెం. ఇప్పటి ఫ్రాన్సు, బ్రిటన్ నేలల్లో రోమన్ల కాలానికి ముందు నుంచీ ఉన్న పురోహితులు, పండితులు వాళ్ళు. వాళ్ళలో కొందరు 20 ఏళ్ళ పాటు చదువుకునేవారనీ, పాఠమంతా కంఠస్థమే తప్ప రాయడం ఒప్పుకునేవారు కాదనీ జూలియస్ సీజర్ రాశాడు. ఘనపాఠీలను ఎరిగిన కోనసీమవాళ్ళకు ఈ పద్ధతి వింతగా ఏమీ ఉండదు. క్రీ.శ. 60 ప్రాంతంలో రోమన్ సైన్యం ఆంగ్లెసీ దీవిలో వాళ్ళ వనాలను నరికేసింది. ఆ పరంపర తర్వాత నిలవలేదు. ఇప్పుడు డ్రూయిడ్ మార్గం అంటున్నదంతా తర్వాత కట్టుకున్నదే. 1792లో ఇయోలో మోర్గనుగ్ అనే వేల్స్ కవి లండన్‌లోని ప్రిమ్‌రోజ్ కొండ మీద సభ జరిపాడు. పాతవని చెప్పి కొన్ని రాతప్రతులు ఆయనే పుట్టించాడు కూడా. 1963లో అమెరికాలోని కార్ల్‌టన్ కాలేజీ విద్యార్థులు, ప్రార్థనకు హాజరు తప్పనిసరి అన్న నిబంధనకు నిరసనగా మరో సంఘం మొదలుపెట్టారు. 1964లో రాస్ నికల్స్ ఇంగ్లండులో ఇంకొకటి పెట్టాడు. వీటన్నిటికీ కలిపి ఒక పీఠాధిపతి లేడు, ఒక గ్రంథమూ లేదు. మఠంలా కలిసి బతకాలనుకున్నవాళ్ళు తమ నియమం తామే రాసుకోవాలి. ఇక్కడివాళ్ళు ఈ సంగతి మొదటి పేజీలోనే చెప్పేశారు, ‘వేల ఏళ్ళ రహస్యం’ అంటూ అమ్మజూపలేదు. దానికి మంచి మార్కు వేయాలి.

రోజు తెల్లవారుజామున 4.30కి మొదలవుతుంది. 7 దాకా మౌనం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పది నిమిషాల చొప్పున మూడు విరామాలు. వాటిలో ‘ఆ, ఊ, ఎన్’ అని సాగదీస్తూ మూడుసార్లు పలుకుతారు. వేల్స్ భాషలో ఆవెన్ అంటే కవికి కలిగే ప్రేరణ. తర్వాత నాలుగు దిక్కులకూ శాంతి చెబుతారు, ఉత్తరం, దక్షిణం, పడమర, తూర్పు అనే వరసలో. నాలుగు గంటల శరీరశ్రమ అందరికీ ఉంటుంది. బ్రహ్మచర్యం, గుండు, కాషాయం లేవు. మీ దేవుణ్ణి మానుకోమనరు. ఫోను పెట్టెలో పెట్టాలి, సాయంత్రం అరగంట ఇస్తారు. మౌనం కోసమే వెళ్ళేవాళ్ళు మాత్రం ధనుర్మాసం తప్పించుకోండి. డిసెంబరు మధ్య నుంచి భోగి దాకా ఊళ్ళో గుడి మైకు సరిగ్గా అదే వేళకు తిరుప్పావై అందుకుంటుంది. అందులో గుడివాళ్ళ తప్పేమీ లేదు. మౌనం వేళ మార్చుకోవాల్సింది మఠంవాళ్ళే.

ఇక్కడ అన్నిటికన్నా బాగా కుదిరింది నీటి నియమం. కార్ల్‌టన్ సంఘం ఏడాదిని మే 1, నవంబరు 1 దగ్గర రెండుగా చీల్చింది: వేసవి వైపు సగం జీవకాలం, చలి వైపు సగం నిద్రకాలం. మంచు పడే దేశంలో అది సరే. డెల్టాలో నవంబరంటే సార్వా (వానాకాలపు వరి) కోతల రోజులు, జనవరికల్లా దాళ్వా (రెండో పంట వరి) నాట్లు. ఇక్కడి నేల ఎప్పుడైనా నిద్రపోతుందంటే అది ఏప్రిల్లో కాలవలు కట్టేసినప్పటి నుంచి జూన్లో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలేదాకానే. మఠంవాళ్ళు నిద్రకాలాన్ని అక్కడికి జరిపారు. ఆ రోజుల్లో కొత్త మొక్క నాటరు. స్నానానికి మనిషికి పూటకు ఒక బకెట్టు, అంటే 15 లీటర్లు. పని అంతా ఎండిన బోదెలో, అంటే తోటకు నీళ్ళు తెచ్చే చిన్న కాలవలో, పూడిక తీయడం, వానలకు ముందే పాకల మీద పాత తాటాకు దించి కొత్తది నేయడం. తాగేనీరు ఊరి మంచినీళ్ళ చెరువు నుంచి వస్తుంది. కాలవ కట్టకముందే ఆ చెరువు నింపి పెట్టుకుంటారు కాబట్టి, అందులో చెయ్యి కడగడం కూడా నియమభంగమే. జూన్లో మొదటి నీరు బోదెలోకి వచ్చిన రోజు ఒక్కొక్కరు ఒక్కో బిందె ముంచి ఒక్కో కొబ్బరి పాదులో పోస్తారు. ఏడాదిలో పెద్ద పండగ అదే. తంతు అంటూ ఏమీ లేదు. నీళ్ళు ముందు ఎర్రగా, చెత్తను తోసుకుంటూ వస్తాయి. ఆ చెత్తను చేత్తో ఎత్తి గట్టున వేయడమే మొదటి పని.

చెట్ల నియమం దగ్గర పేచీ ఉంది. కరపత్రంలో ‘పడిన చెట్టును కదపరాదు, అది ఉన్నచోటే మట్టి కావాలి’ అని రాశారు. ఓక్ అడవికి అది మంచి మాటే. కొబ్బరి తోటలో అదే పని చేస్తే కొమ్ము పురుగును పిలిచి పెంచినట్టు. దాని పిల్లపురుగులు కుళ్ళిన కొబ్బరి మానుల్లో, పేడ గుంటల్లో పెరుగుతాయి. పెద్ద పురుగు రాత్రిపూట ఎగిరి వచ్చి మొవ్వులోకి తొలుచుకుపోతుంది. ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసిన విసనకర్రలా కనిపిస్తుంది. మొవ్వు కుళ్ళితే చెట్టే పోతుంది. ఇక్కడ వంటశాల వెనక పడి ఉన్న మాను తొర్రలో వేలు పెడితే, బొటనవేలంత తెల్లని పిల్లపురుగులు చుట్టలు చుట్టుకుని కనిపిస్తాయి. చుట్టుపక్కల ఐదారు చెట్ల ఆకులు అప్పుడే కత్తిరించినట్టు ఉన్నాయి. పడిన మానును చీల్చి ఎండబెట్టి పొయ్యిలోకి వాడాలి. ఎరువు గుంటను రెండు నెలలకోసారి తిరగేసి పిల్లపురుగులు ఏరాలి, ఆ పురుగును చంపే మెటారైజియం శిలీంధ్రం కలపాలి. లేత చెట్లకు 250 గ్రాముల వేపపిండి, అంతే ఇసుక కలిపి మొవ్వు చుట్టూ ఉన్న రెండు మూడు ఆకుల మొదళ్ళలో వేయాలి. అనుమానం ఉంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగి తెలుసుకోవచ్చు. ఈ పొరపాటు వల్ల పోయేది మఠం చెట్లు మాత్రమే కాదు. పక్క రైతు తోట ఎంతో దూరం లేదు, పురుగుకు కంచె అడ్డు కాదు.

చెట్టు కొమ్మల మీద మొలిచి వాటి సారం లాగే బదనిక సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. డ్రూయిడ్లకు ఓక్ చెట్టు మీద మొలిచే మిసిల్‌టో అనే అలాంటి మొక్క మహా పవిత్రం. చంద్రుడి ఆరో రోజున తెల్లబట్టలు కట్టుకున్న పూజారి చెట్టెక్కి బంగారు కొడవలితో కోసేవాడనీ, కింద తెల్లటి వస్త్రంలో పట్టుకునేవారనీ రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. మన మామిడి మీద పట్టే బదనిక దానికి దూరపు చుట్టం. అందుకని ఇక్కడ బదనికను ముట్టుకోరు. ఫలితం వనం అంచున ఉన్న నాలుగు మామిళ్ళలో కనిపిస్తుంది. ఒకటి చిటారు నుంచి ఎండుతూ వస్తోంది. దాని పచ్చదనంలో సగం మామిడిది కాదు. బదనిక పండు తిన్న చిన్న పిట్టలు జిగురు గింజను కొమ్మకు రాసి పోతాయి. గింజ మొలిచి వేరును కొమ్మలోకి దించుతుంది, నీరూ ఉప్పులూ లాగుతుంది. పై ఆకు తుంచితే మళ్ళీ చిగురిస్తుంది. అది అతుక్కున్న ముడికి అడుగు కిందగా కొమ్మనే కోయాలి, అదీ కాయ ముదరకముందు. నిజానికి ప్లీనీ చెప్పిన పూజారి కూడా బదనికను కోసినవాడే! శుద్ధ షష్ఠినాడు అందరూ కలిసి కోసే పండగ పెట్టుకుంటే శాస్త్రమూ నిలబడుతుంది, మామిడీ బతుకుతుంది.

మరుగుదొడ్డి బాగుంది. కొత్తవాళ్ళు భయపడేది దానికే కాబట్టి వివరంగా చెప్పాలి. డెల్టాలో వానాకాలం బావి నీరు చేతికందే ఎత్తుకు వస్తుంది. గుంట తవ్వితే అడుగున నీరు ఊరి, మలం బోరులోకి చేరుతుంది. అందుకని నేలకు మూడడుగుల ఎత్తున, రెండు గదుల పొడి దొడ్డి కట్టారు. ఒక గది వాడుకలో ఉంటే రెండోది మూసి ఉంటుంది. మలం, మూత్రం, కడిగిన నీళ్ళు మూడూ వేరువేరు దారుల్లో పోతాయి. వెళ్ళినప్పుడల్లా రెండు చిప్పల పొయ్యి బూడిద చల్లాలి. నిండిన గదిని ఆరు నెలలు మూస్తారు. బూడిద సరిగ్గా పడితేనే ఆ గడువు చాలుతుంది. ఊక మాత్రమే వేసిన గదిని ఏడాది ఆపాలి. వాసన వచ్చిందంటే ఎవరో మలం గదిలో నీళ్ళు పోశారన్నమాట. ఈగలు కూడా అప్పుడే పుడతాయి. దానికి మందు ఒకటే, వెంటనే రెండు బకెట్ల బూడిద. మూత్రాన్ని ఐదు పాళ్ళ నీళ్ళు కలిపి అరటికి పోస్తారు. అరటి చూస్తే లెక్క తెలిసిపోతుంది.

భోజనం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. స్వర్ణ బియ్యం, పప్పు, తోట కూరలు, మజ్జిగ. కారం తక్కువ. మాంసం లేదు. పశ్చిమ దేశాల్లో తేనెతో చేసిన మద్యాన్నీ విస్కీనీ నైవేద్యం పెట్టే సంఘాలున్నాయి. ఇక్కడ బెల్లం పానకం.

ఎనిమిది పండగల చక్రం ఇబ్బంది పెట్టే మరో చోటు. రెండు అయనాలు (పగలు అన్నిటికన్నా పొడవైన, పొట్టి అయిన రోజులు), రెండు విషువత్తులు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు), వాటి నడుమ నాలుగు మధ్య దినాలు. ఇంగ్లండులో జూన్లో పగలు పదహారున్నర గంటలు, డిసెంబరులో ఎనిమిది లోపే. డెల్టాలో ఆ తేడా రెండు గంటలే, 13 నుంచి 11కి. కాబట్టి డిసెంబరు 21 రాత్రంతా మేలుకుని సూర్యుడి కోసం ఎదురుచూడటం ఇక్కడ పెద్దగా ఒంటికి తెలియదు. అంతకన్నా చెడ్డది మే 1 మంటలు. రెండు మంటలు వేసి నడుమ నుంచి నడుస్తారు. చుట్టూ తాటాకు పాకలు, ఎండిన మట్టలు, కాలవ కట్టేసిన రోజులు, బోదెలో చుక్క లేదు. ఆర్పడానికి రెండు వందల లీటర్ల డ్రమ్ము ఒక్కటే. మంట కావాలంటే మనకు భోగి ఉంది, మంచు పడే తెల్లవారుజామున.

ఇంతకీ మే పండగకు డెల్టాలో ఉన్నది వాళ్ళ దేశంలో లేదు. విషువత్తుకూ అయనానికీ సరిగ్గా నడుమ, మే 5 ప్రాంతంలోనూ ఆగస్టు 7 ప్రాంతంలోనూ, సూర్యుడు ఉత్తరానికి 16.3 డిగ్రీల మీద ఉంటాడు. అంతర్వేది, నరసాపురం, అమలాపురం అన్నీ 16.3, 16.6 డిగ్రీల మధ్యే. అంటే డ్రూయిడ్ల రెండు మధ్య దినాల్లో, ఒక రోజు అటూ ఇటూగా, మిట్టమధ్యాహ్నం సూర్యుడు కోనసీమ నడినెత్తిన ఉంటాడు, నిటారు కర్రకు నీడ ఉండదు. ఇంగ్లండులోని పాత రాతి వలయం స్టోన్‌హెంజ్‌లో ఏ రోజునా అది జరగదు. గజం పొడవు వెదురు కర్రను తూకపు దారంతో సరిచూసి, అలికిన నేలలో పాతితే చాలు. మేలో 12 గంటలకు నిమిషం అటూ ఇటూ, ఆగస్టులో 12.08 ప్రాంతంలో చూడాలి. ఆగస్టులో మబ్బు పడితే పోతుంది, మేలో దాదాపు తప్పదు. మంట మానేసి దీన్ని పెట్టుకోమని కరపత్రం రాసినవాళ్ళకు గట్టిగా చెప్పాలి.

పిలుపుల నియమం ఒకటి మొదట బెడిసికొట్టింది. ‘అందరూ సమానం, అందరినీ పేరుపెట్టి పిలవాలి’ అని రాసుకున్నారు. అరవై దాటిన కొబ్బరి దింపు కార్మికుణ్ణి ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఉత్త పేరుతో పిలిస్తే సమానత్వం ఎక్కడిది? ఇప్పుడు వంటమనిషి నుంచి నిర్వాహకుల దాకా అందరికీ గారు, మీరు. పౌర్ణమి సభలో కర్ర చేతిలో ఉన్నవాళ్ళే మాట్లాడాలన్న పద్ధతి బాగానే ఉంది. కానీ గడువు పెట్టలేదు, రెండు గంటలు సాగుతుంది. మనిషికి మూడు నిమిషాలు చాలు.

వరద నియమం గట్టిగా రాశారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తే వనంలోకి వెళ్ళడం ఆపేస్తారు. 13.75 అడుగుల రెండో హెచ్చరికకు గట్టు లోపలి సామానంతా బయటికి తెస్తారు. 17.75 అడుగుల మూడో హెచ్చరిక వస్తే బస చేసేవాళ్ళను ఊళ్ళోకి పంపేస్తారు. ఒకటే లోటు: గట్టు బయట ఊట పడుతోందా లేదా అని రాత్రి చూసే వంతు ఎవరిదో రాయలేదు. అక్టోబరు, నవంబరు తుఫానులకు విడిగా నియమమే లేదు. 1996 నవంబరు 6న తుఫాను వచ్చి కోనసీమ కొబ్బరిని కూల్చిన చోట, మధ్య దినం పండగకు జనాన్ని చెట్ల కింద పడుకోబెట్టకూడదు. ఆ వారం పాకల్లో కాకుండా స్లాబు వేసిన వంటశాలలో పడుకోనిస్తారో లేదో అడిగి తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు జనవరి చివర నుంచి మార్చి దాకా అనువు. దోమతెర, టార్చి, రెండు జతల నూలు బట్టలు, చేతి తొడుగులు, సొంత చెంబు తీసుకెళ్ళాలి. కొడవలి వాళ్ళే ఇస్తారు, కానీ పదును ఉండదు. మధ్యలో వెళ్ళిపోతే భోజనం డబ్బు రాదు. వరద వల్ల పంపేస్తే మిగిలిన రోజులకు లెక్కకట్టి, డిపాజిట్టుతో సహా వెనక్కి ఇస్తారు.