అమెరికా లైసెన్సుతో రామప్ప దాకా

డల్లాస్‌లో ఉండే మా బావకు ఇక్కడ స్టీరింగ్ పట్టాలని ఉబలాటం. వరంగల్ బండ్లకు ఏపీ 36 నంబరున్న కాలం నాటి పాత లైసెన్సు గడువు తీరి చాలా ఏళ్లయింది. గడువు దాటి ఏడాదిలోపైతే రెన్యువల్‌తో పోయేది, ఆ తర్వాత మళ్లీ డ్రైవింగ్ టెస్టే. అమెరికా లైసెన్సు ఒక్కటే చూపిస్తే ఇక్కడ సరిపోదు. దానికి తోడు 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. అది లైసెన్సు ఇచ్చిన దేశంలోనే తీసుకోవాలి. బావ బయలుదేరే ముందే అక్కడి వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ ఆఫీసులో తీసుకున్నాడు. బూడిద రంగు అట్టతో చిన్న పుస్తకం, ఏడాది చెల్లుతుంది. అసలు లైసెన్సు పక్కన లేకపోతే ఆ పుస్తకానికి విలువ లేదు. ఆన్‌లైన్‌లో 'ఇంటర్నేషనల్ లైసెన్సు' అని అమ్మేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు.

హన్మకొండలో కారు దొరకడం కష్టం కాదు, సరైన కారు దొరకడమే కష్టం. ఒకాయన తెల్ల నంబర్ ప్లేటున్న సొంత కారు తక్కువకే ఇస్తానన్నాడు. లైసెన్సు కూడా అడగలేదు! అద్దెకు తిప్పే సెల్ఫ్ డ్రైవ్ కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు ముందు చూసేది ఈ కాగితాలే. అందుకని కాస్త ఎక్కువైనా నల్ల ప్లేటు బండే తీసుకున్నాం. అక్కడి కుర్రాడు పర్మిట్, పాస్‌పోర్టు, వీసా పేజీ అన్నీ ఫొటో తీసుకున్నాడు, కారు మీది గీతలకు వీడియో కూడా తీయించాడు. ఆ పద్ధతి నచ్చింది.

ఆత్మకూరు, మల్లంపల్లి మీదుగా ములుగు వరకు హైవే హాయిగా ఉంది. బావ ఎడమ పక్కకు త్వరగానే అలవాటు పడ్డాడు, కాకపోతే ఇండికేటర్ వేయబోయి వైపర్లు తిప్పడం మానలేదు. హైవే దిగి రామప్ప గుడి ఉన్న పాలంపేట వైపు మళ్లాకే అసలు పరీక్ష. వరికోతల కాలం కదా, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి పెడతారు. పగలైతే కనిపిస్తాయి. చీకట్లో ఆ దారిన కొత్తవాళ్లు నడపకపోవడమే మేలు.

రామప్పకు పొద్దున్నే వెళ్లండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక సెలవు రోజుల్లో రద్దీ పెరిగింది. నల్లరాతి మదనికలను, అంటే ఆ స్త్రీ శిల్పాలను, నింపాదిగా చూడాలంటే జనం రాకముందే అక్కడుండాలి.

రాత్రి బసకు లక్నవరం చెరువు కాటేజీయా, హన్మకొండ హోటలా అని ఇంట్లో వాదన. పిల్లలకు తీగల వంతెన, పడవ కావాలి కాబట్టి లక్నవరమే గెలిచింది. చెరువు మీద తెల్లవారుజాము బాగుంటుంది. తిండి దగ్గర పట్టింపు ఉన్నవాళ్లకు, ఆదివారం వెళ్లేవాళ్లకు మాత్రం హన్మకొండే నయం.

బొగత జలపాతానికి డ్రైవర్‌తో సహా బండి మాట్లాడుకున్నాం. ఏటూరునాగారం అడవి దారి, పైగా వెళ్తూ వస్తూ చాలా దూరం. ఆ డబ్బు దండగ అనిపించలేదు. అయితే వానాకాలం దాటితే నీళ్లు పలచబడతాయి, అంత దూరం వెళ్లడం అనవసరం.

ఇప్పుడు నాన్న డల్లాస్ ప్రయాణం ఉంది. ఆయనకు పర్మిట్ మన ఆర్టీఏలోనే తీసుకోవాలి: ఫారం 4-ఏ, చెల్లుబాటులో ఉన్న లైసెన్సు, పాస్‌పోర్టు, ఫీజు. అదీ ఏడాదికే కాబట్టి టికెట్లు ఖాయమయ్యాకే అప్లై చేయమన్నాం.