అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్: మూడేళ్ల వాడకం తర్వాత

థీసిస్ రాసిన మూడేళ్లూ నా కంప్యూటర్‌లో అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ తెరిచే ఉండేది. ఇంగ్లీషులో పరిశోధన వ్యాసాలు రాసేవారి కోసం మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో జాన్ మోర్లీ రూపొందించిన ఉచిత వెబ్‌సైట్ ఇది. మొదట అక్కడి 100 పీజీ సిద్ధాంత వ్యాసాలను పరిశీలించి, పరిశోధకులు పదేపదే వాడే వాక్యాల చట్రాలను ఏరారు. పరిచయం, మూలాల ప్రస్తావన, పద్ధతులు, ఫలితాలు, చర్చ, ముగింపు అంటూ వాటిని పనినిబట్టి సర్దిపెట్టారు.

మొదటి ఏడాది నేను దాన్ని తప్పుగా వాడాను. ప్రతి పేరాకూ అక్కడినుంచి ఒక వాక్యం తెచ్చి, ఖాళీల్లో నా విషయం నింపాను. వ్యాకరణం చక్కగానే కుదిరింది. మా గైడ్ మూడు పేజీల్లో ఏడు చోట్ల 'హౌఎవర్' (అయితే) చుట్టూ గీత గీసి, ప్రతి దాని పక్కనా 'దేనికి విరుద్ధం?' అని రాశారు. ఐదింటికి నా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి వాక్యాలను వదిలి, వాటి పైనున్న ఉపశీర్షికలను చదవసాగాను. అసలు విలువ అక్కడుంది. పరిచయంలో రచయిత చేయాల్సిన పనులను భాషావేత్త జాన్ స్వేల్స్ 1990లో మూడు అడుగులుగా చెప్పారు: రంగాన్ని చూపడం, అందులో మిగిలిన ఖాళీని చూపడం, ఆ ఖాళీలో తన పనిని నిలపడం. ఫ్రేజ్‌బ్యాంక్ పరిచయ విభాగంలోనూ ఇవి కనిపిస్తాయి. రంగు పెన్సిళ్లతో నా పరిచయాన్ని గుర్తులు పెట్టి చూస్తే, తొమ్మిది పేజీలు మొదటి అడుగే. ఖాళీ గురించి ఒకే ఒక్క వాక్యం!

నాకు ఎక్కువ మేలు చేసింది జాగ్రత్తగా చెప్పడం నేర్పే విభాగం. పరీక్షల్లో ఢంకా బజాయించి చెబితేనే మార్కులని అలవాటైన చేయి ప్రతి ఫలితానికీ 'ప్రూవ్' (రుజువు చేస్తోంది) అని రాసేది. దాన్ని 'సజెస్ట్' (సూచిస్తోంది)గా మార్చడం నేర్చుకున్నాను. ఆ తర్వాత అదీ శ్రుతి మించింది. ఒక పేరా మొత్తం 'బహుశా అయ్యుండే అవకాశం ఉండవచ్చేమో' ధోరణిలో సాగింది.

క్రియల కాలాల విషయంలోనూ కళ్లు తెరిపించింది. ఒక నిర్దిష్ట అధ్యయనం గురించి చెప్పేటప్పుడు సాధారణ భూతకాలం, ఆ రంగంలో ఇప్పటిదాకా జరిగిన కృషి మొత్తం గురించైతే ప్రెజెంట్ పర్ఫెక్ట్ ('హావ్ స్టడీడ్' లాంటిది). మనకు రెండింటికీ 'పరిశీలించారు' చాలు కాబట్టి ఈ తేడా నాకెప్పుడూ తట్టలేదు.

ఇక ఇది తీర్చని లోటు 'ఎ', 'ది' అనే ఆర్టికల్స్ బెడద. తెలుగులో లేనివాటిని చట్రాలు చూసి పట్టుకోలేం. నా రంగపు పత్రికల్లోంచి రోజుకో పేజీ తీసుకుని, ఆర్టికల్స్ చెరిపేసి, మళ్లీ నింపి సరిచూసుకునేవాణ్ని. ఏడాదికి తప్పులు సగానికి తగ్గాయి, పూర్తిగా పోలేదు. కారణాలన్నీ ముందు చెప్పి అసలు మాట పేరా చివర పెట్టే నా అలవాటుకూ అక్కడ మందు లేదు. ఆ చివరి వాక్యాన్ని ఎత్తి పేరా మొదట్లో పెట్టడం గైడ్ దగ్గరే నేర్చుకున్నాను.

ఇప్పుడు పేపర్లు రాస్తున్నప్పుడు మొదటి ప్రతి పూర్తయ్యేదాకా ఆ సైట్ తెరవను. డబ్బు పెట్టి పీడీఎఫ్ కూడా కొన్నాను గానీ, నా అవసరానికి వెబ్‌సైటే సరిపోయేది.